రెండో గోల్‌కీపర్

ఎనభై నాలుగో నిమిషంలో గోల్‌కీపర్ వోయ్తా మోకాలు పట్టుకుని గడ్డి మీద పడిపోయాడు. బెంచీ మీద గ్లౌజులు విప్పుతూ తొడుగుతూ కుదురుగా కూర్చోలేకపోతున్న రాదిమ్ గుండె ఎగిరిపడింది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

బెల్జియం, గ్రీస్, డెన్మార్క్, ఆస్ట్రియా. పద్నాలుగేళ్లపాటు ఏ క్లబ్బులో చేరినా అతను రెండో గోల్‌కీపరే. మొత్తం ఆడింది పదకొండు మ్యాచ్‌లు. ప్రతిచోటా మొదటివాడికి దెబ్బ తగిలితే బాగుండని లోలోపల కోరుకున్నాడు. చివరికి మొరావియాలోని సొంతూరి క్లబ్బుకు వచ్చి, ఈ వోయ్తాకు తనే మెళకువలన్నీ నేర్పాడు. ఇవాళ తన ఆఖరి మ్యాచ్. కోచ్ ఇవాళ కూడా దింపలేదు. అయినా వీడికి మాత్రం ఏమీ కాకూడదనుకున్నాడు.

పరుగెత్తుకెళ్లి పక్కన కూలబడ్డాడు.

“ఎక్కడ్రా నొప్పి? కాలు కదపకు, డాక్టర్ వస్తున్నాడు.”

వోయ్తా గడ్డిలో ముఖం దాచుకుని గొంతు తగ్గించాడు.

“అరవకు అన్నా, నాకేం కాలేదు. నేను పడితే తప్ప మన మొండి కోచ్ నిన్ను దింపడు. తొందరగా వెళ్లి నిలబడు, ఎంతసేపని మూలగను?”

వోయ్తాను స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. రాదిమ్ గోల్ ముందు నిలబడ్డాడు.

మిగిలిన ఆ కాసిని నిమిషాల్లో బంతి అతని దాకా రానేలేదు. వచ్చినా, నీళ్లు నిండిన ఆ కళ్లకు కనిపించేది కాదు.