నేల తెలిసే బూట్లు

“ఇది బూటా, గోనెసంచి ముక్కా?” అన్నాడు బుడే సాహెబ్, చేతిలోని బూటును అటూ ఇటూ వంచుతూ. అది దోసెలా మడతపడింది.

“అదే దాని గొప్ప మామూ,” అన్నాడు చెప్పుల దుకాణం ఫిరోజ్. “ఏ బూటన్నా అట్ల మడుస్తాదా?”

“మడిచి జేబులో పెట్టుకునేదానికా నేను వచ్చింది?”

కూతురు హుమేరా నవ్వు ఆపుకుంది. ఫోనులో చూసి, ఫిరోజ్‌కు చెప్పి ఈ జత తెప్పించింది ఆ పిల్లే.

“అడుగు పల్చగా ఉంటాది అబ్బా. ముందు వెడల్పు, వేళ్లు విచ్చుకుంటాయి. వట్టికాళ్లతో నడిచినట్టే. పాదం బలపడతాదంట.”

“వట్టికాళ్లతో నడిచేదానికి మళ్లీ బూట్లేంది?”

ఎగతాళి చేస్తున్నాడు గానీ, లోపల బెంగగానే ఉంది. బుడే సాహెబ్ పలకల యార్డులో మేస్త్రీ. ఎందరి పిల్లలకో పలకలు కోసి పంపినవాడు, తన పలకను మాత్రం మూడో తరగతిలోనే పారేశాడు. అప్పటినుంచి ఆ పలకరాయి తప్ప మరో పని తెలియదు. పొద్దున్నించి సాయంత్రం దాకా విజిల్ ఊదుతూ యార్డంతా తిరిగి కోతలు, లోడింగు చూసుకోవడమే ఆయన ఉద్యోగం. ఏడాదిగా అరికాళ్లు ఒకటే మంట. నిప్పుల మీద నిలబెట్టినట్టు. తిరగలేక కుర్చీ వేసుకుంటే యజమాని ఆనంద్ బాబు కంట పడింది.

“కుర్చీ మేస్త్రీని నేనేం చేసుకోను సాహెబూ? రంజాన్ దాకా చూస్తా. తిరగలేవంటే మోషేను పెట్టుకుంటా,” అన్నాడు మొహమాటం లేకుండా.

మోషే మొన్నమొన్న పనిలో చేరినవాడు. వాడి కాళ్లు బాగున్నాయి, అదే వాడి చదువు, అదే వాడి అనుభవం.

ఫిరోజ్ ఇంకో జత ముందుకు తోశాడు. “పోనీ ఇది చూడు. లోపలంతా దూదిపరుపే.”

బుడే సాహెబ్ వేసుకుని నాలుగడుగులు వేశాడు. ముఖం చిట్లించాడు. “కింద ఏముందో తెలియట్లేదురా. బురదలో నిలబడినట్టుంది.”

తర్వాత పల్చటి జత తొడుక్కుని దుకాణం ముందున్న కంకర మీదికి దిగాడు. ఒక్కో రాయి అరికాలికి తగిలింది. అయినా ఆ తగలడం ఆయనకు నచ్చింది.

“ఇది బాగుంది. నేల తెలుస్తా ఉంది.”

“తెలియాల మామూ. పాదం నేలతో మాట్లాడాలని డబ్బా మీద రాసినారు.”

“మీ అత్తతో మాట్లాడేదానికే నాకు తీరిక లేదు, ఇంక నేలతోనా!” అంటూనే ఆ జతే తీసుకున్నాడు.

మర్నాడు యార్డులో ఒకటే నవ్వులు. “మేస్త్రీ బూట్లు ఇంట్లో మరిచి మేజోళ్లతో వచ్చినాడు చూడండ్రా!” అన్నాడు మోషే. బుడే సాహెబ్ వినపడనట్టే తిరిగాడు. పలక పెంకులన్నీ కాలికి లెక్క చెబుతున్నాయి. సాయంత్రం ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

“ఒంగోలు పోదాం రా,” అంది భార్య ఖాజాబీ, కాళ్లకు తడిగుడ్డ చుడుతూ. “నీ బీపీకి, షుగర్‌కు బిళ్లలు ఎట్లాగూ తెచ్చుకోవాల. కాళ్లు కూడా పెద్ద డాక్టరుకు చూపిద్దాం.”

“పని మానుకుని ఒంగోలు పోతే, వచ్చేసరికి మోషే నా విజిల్ ఊదుతా ఉంటాడు.”

“మొదట్లో అట్లే ఉంటాది అబ్బా,” అంది హుమేరా. “పాదానికి అలవాటు కావాల.”

కూతురు చెప్పినట్టే అయింది. రాను రాను రాళ్ల పోటు తగ్గింది. పెద్ద పెంకులు తప్ప చిన్నవి తెలియడం మానేశాయి. పాదం గట్టిపడుతోందని బుడే సాహెబ్ మురిసిపోయాడు. ఆ తర్వాత మంట కూడా సన్నగిల్లింది. ఒక పొద్దున నిద్రలేచి చూసుకుంటే, అసలు లేదు.

కుర్చీ ఆఫీసు గదిలోకి పోయింది. బుడే సాహెబ్ యార్డుకు ఆ కొసనుంచి ఈ కొసకు కుర్రాడిలా తిరుగుతున్నాడు. మోషే నవ్వడం మానేశాడు.

“ఏం మాయ చేసినావు సాహెబూ?” అన్నాడు ఆనంద్ బాబు.

“బూట్ల మహిమ బాబూ. కాళ్లున్నట్టే తెలియట్లేదు, అంత హాయి!”

“అయితే మేస్త్రీవి నువ్వే. రంజాన్ మాట మరిచిపో. నాకూ ఒక జత తెప్పించు.”

ఆ మాట ఇంట్లో రెండుసార్లు చెప్పాడు. ఖాజాబీ మాత్రం ఒంగోలు మాట ఇంకా వదలలేదు.

“బాగైన కాళ్లను పట్టుకుపోయి డాక్టరుకు ఏమని చూపిస్తావే?” అన్నాడు. ఆమె కాళ్లకు చుట్టే గుడ్డను మడిచి పక్కన పెట్టేసింది.

రంజాన్ నెలకు ముందు శుక్రవారం. యార్డు నుంచి నేరుగా మసీదుకు నడిచే వెళ్లాడు. బూట్లు గడప దగ్గర విడిచి, నమాజుకు ముందు వజూ చేసుకోవడానికి కుళాయిల వరుసలో ఫిరోజ్ పక్కన కూర్చున్నాడు.

“మామూ, నీ పేరు చెప్పుకుని అందరూ ఆ జతే అడుగుతా ఉన్నారు. నీ ఫోటో తీసి దుకాణంలో పెడతా.”

“మొగం ఎందుకురా, కాళ్ల ఫోటో తియ్యి.”

వరుసంతా నవ్వింది. బుడే సాహెబ్ ముఖం, చేతులు కడుక్కున్నాడు. కుడికాలు కడిగి, ఎడమకాలు నీళ్ల కింద పెట్టాడు. ముందున్న కాలువలో నీళ్లు ఎర్రగా పారుతున్నాయి.

“ఎవరికో కాలు తెగినట్టుందే,” అన్నాడు జాలిగా. “చూసుకోండయ్యా, ముందు కట్టు కట్టుకోండి.”

ఎవరికి వాళ్లు కాళ్లెత్తి చూసుకున్నారు. నాది కాదంటే నాది కాదన్నారు. ఫిరోజ్ తన కుళాయి కట్టేసి, కిందికి వంగి చూశాడు.

“మామూ,” అన్నాడు మెల్లగా. “కాలు కదిలించొద్దు.”

“నాకేమైందిరా? నొప్పి లేదు, మంట లేదు. హాయిగా ఉంటే!”

బూటులోకి ఎప్పుడు జారిందో, ఆయన ఎడమ మడమలో వేలెడు పలక పెంకు దిగబడి ఉంది.