గోడమీది చెవి

"రెండు రోజులుగా చూస్తున్నా! ఈ ఏసీ దడదడలాడినప్పుడల్లా నా బిడ్డ ఉలిక్కిపడుతోంది!"

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు అది. తండ్రి ఏసీ మెకానిక్కు కాలరు పట్టుకుని గోడకేసి బాదాడు. మెకానిక్కు చేతిలోని రబ్బరు దిమ్మ జారిపోయింది. పెదవి చిట్లి రక్తం కారింది. అయినా అతను కిక్కురుమనలేదు.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం? అదిగో, కళ్ళు కనిపించట్లేదా?"

గోడమీద చెవి ఆకారంలో ఒక దీపం ఉంది. వార్డులో చప్పుడు హద్దు దాటితే ఎర్రబడుతుంది. ఇప్పుడది నిప్పులా ఉంది. తండ్రి మళ్ళీ పిడికిలెత్తాడు.

నర్సు ఆ చెయ్యి ఒడిసి పట్టుకుంది.

"ఏసీ ఎప్పుడో ఆపేశామండీ. అది అదరకుండా కింద రబ్బరు వెయ్యడానికే ఇతను వచ్చాడు," అంది గుసగుసగా. "ఇప్పుడా దీపం మీ అరుపులకే వెలుగుతోంది."

తండ్రి నోరు మూతపడింది. దీపం పసుపు రంగుకి, తర్వాత ఆకుపచ్చకి తిరిగింది. అద్దాల పెట్టెలో పాప బిగించిన గుప్పిట మెల్లగా విప్పింది.

అతను మెకానిక్కు దగ్గరగా వంగి గొణిగాడు. "అంతలా కొడుతుంటే ఒక్క కేకైనా వెయ్యలేదేం తమ్ముడూ?"

మెకానిక్కు మోచేత్తో రక్తం తుడుచుకున్నాడు.

"పాప లేస్తుంది కదన్నా."