ప్రీయాంప్ కావాలా?

“ఏటిరా భానూ, ప్రీయాంప్ కొనమంటావా, వద్దంటావా? రికార్డు పెడితే పాట మరీ సన్నగా వత్తంది.”

కిరందుల్ ఇనుప గనుల క్వార్టర్‌లో మా బావ సింహాచలం నా మొహంలోకే చూస్తూ అడిగాడు. మా అక్క పోయాక ఆ ఇంట్లో ఆయనొక్కడే. గనిలో డ్రిల్లు మీద పని, ఇంటికొస్తే పాత రికార్డులు.

యాంప్లిఫయర్‌ని వెనక్కి తిప్పి చూశాను.

“దీన్లోనే ఉంది బావా. ప్లేయర్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని ఇదే పెంచుతుంది. వేరే డబ్బా దండగ.”

“ఐతే ఇది పాడైపోనాది. ఇను.”

వాల్యూం పూర్తిగా తిప్పి, రికార్డు మీద ముల్లు పెట్టాడు. కిటికీ అద్దాలు అదిరాయి. పక్క క్వార్టర్‌లోంచి ఎవరో సౌండు తగ్గించమని హిందీలో అరిచారు: “అరే, ఆవాజ్ కమ్ కరో!”

“చూశావా, ఎంత సన్నగా ఉందో!” అన్నాడు బావ నీరసంగా.

పాట ఆపేశాను. ఆయన రికార్డు తీసి, కవర్లో పెట్టడానికి అటు తిరిగాడు.

“బావా!”

పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. రికార్డు మీద దుమ్ము తుడుచుకుంటూనే ఉన్నాడు.

భుజం పట్టుకుని ఇటు తిప్పాను. ఆయన చెవి ముట్టుకుని, లేదన్నట్టు చెయ్యి ఊపాను. ఆయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

“గనిలో ఎవరూ చెప్పలేదా?”

“డ్రిల్లు కాడ అందరివీ సైగలే కదరా.”

‘మరి ఇంట్లో?’ అని పెదాలు కదిపి ఆగిపోయాను. అప్పటికే నా పెదాలు చదివేశాడు.

“ఇంట్లో నన్నెవరు పిలుత్తార్రా, ఇనబడ్డం లేదని తెలీడానికి?”