గుర్తుండని మొహం

"మావయ్యా, మీ మొహం ఎవరికీ గుర్తుండదు. మీ వ్యాపారానికి పట్టిన జబ్బు అదే" అన్నాడు అల్లుడు.

పక్కనే కూర్చున్న కూతురు అతని మోకాలి మీద గిల్లింది. కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది.

మావగారు కోప్పడలేదు. ఉన్న మాటే. ఆయన పొడుగూ కాదు, పొట్టీ కాదు. నలుపూ కాదు, తెలుపూ కాదు. కూతురి పెళ్లిలో ఫోటోగ్రాఫర్ ఆయన్ని చూసి, "కాస్త పక్కకి జరగండి సార్, అమ్మాయి నాన్నగారు రావాలి" అన్నాడు. ఆయన జరిగారు కూడా.

మావగారిది ఒంటిగది ఆఫీసు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకో ఫ్యాను. బయట బోర్డు మీద 'కన్సల్టెన్సీ' అని మాత్రం ఉంటుంది. పెళ్లిచూపుల్లో ఆ మాట విని "ఓహో" అని తలూపిన అల్లుడు, దేంట్లో కన్సల్టెన్సీ అని ఇప్పటిదాకా అడగలేదు. ఇప్పుడు అడిగితే అప్పుడు ఊరికే తలూపానని తెలిసిపోతుంది కదా! పని కబుర్లు ఇంట్లో చెప్పే అలవాటు మావగారికీ లేదు.

ఈమధ్య ఆఫీసులో ఈగలు తోలుకోవడమే పనైంది. మిగిలిన నలుగురైదుగురు కస్టమర్లలో, ఊరినిండా హోటళ్లున్న యజమాని ఒక్కడే గట్టివాడు. ఆయన కూడా చెయ్యి వదిలేస్తే ఆఫీసుకి తాళం వేసి ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆ సంగతి తెలిసే అల్లుడు నడుం కట్టాడు.

"వెబ్‌సైట్ పెడదాం మావయ్యా. బోర్డయితే ఈ వీధివాళ్లే చూస్తారు. వెబ్‌సైట్ ఊరంతా చూస్తుంది. మీరు నిద్రపోయినా అది మీ గురించి చెబుతూనే ఉంటుంది. నలుగురి నోళ్లలో నానకపోతే వ్యాపారం ఎలా నడుస్తుంది?"

"మన పనికి అంత ప్రచారం..." అని మావగారు నీళ్లు నమిలారు.

"ఏ పనికైనా ప్రచారమే ప్రాణం. మీ ఫోటో పెద్దగా వేద్దాం. మొహం కనిపిస్తేనే నమ్మకం కుదురుతుంది. కింద మీ కస్టమర్ల పేర్లు వేద్దాం."

"వాళ్ల పేర్లు బయటపెడితే బాగుండదేమో బాబూ."

"పెద్దవాళ్ల పేర్లు లేకపోతే మిమ్మల్ని పెద్దమనిషని ఎవరనుకుంటారు?"

అల్లుడి మాట తీసెయ్యలేక ఒప్పుకున్నారని అత్తగారు ఇప్పటికీ అందరితో అంటుంది. అది సగమే నిజం. అసలు సంగతి, ఆయనకి ఆశ పుట్టింది. వయసంతా ఎవరి కంటికీ ఆనకుండా తిరిగిన మనిషి. ఒక్కసారైనా ఎవరో ఒకరు తల తిప్పి చూస్తే బాగుండునని ఉండదా మరి?

ఫోటో కోసం కోటు తొడిగారు. అల్లుడే చేతులు కట్టించి, గడ్డం ఎత్తించాడు. సైట్ తయారైంది. తెర నిండా మావగారు. పక్కన 'నాణ్యత, నమ్మకం, నిబద్ధత'. ఆ మాటలు చెప్పుల కొట్టుకీ పనికొస్తాయి, ఆస్పత్రికీ పనికొస్తాయి. కింద కస్టమర్ల పేర్లు, అందులో మొట్టమొదటిది హోటళ్ల యజమానిది. అల్లుడు దాన్ని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ ఫోన్లో పంపించాడు.

ఇక ఫోన్లే ఫోన్లు. ఒకాయన అద్దె ఇల్లు చూసిపెట్టమన్నాడు. ఒకావిడ వాళ్లబ్బాయికి సంబంధాలున్నాయా అని అడిగింది. పని కుదరకపోతేనేం, పేరు పాకుతోందని అల్లుడు మురిసిపోయాడు.

పేరు పాకిన మాట నిజమే. ఇదివరకు ఆయన హోటల్‌కెళితే సర్వర్ గ్లాసులో బొటనవేలు ముంచి మరీ మంచినీళ్లు తెచ్చేవాడు. ఎంత పిలిచినా పలికేవాడు కాదు. తర్వాత వచ్చినవాళ్లు తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు గుమ్మంలో అడుగు పెట్టగానే మేనేజరే ఎదురొస్తున్నాడు. కుర్చీ తుడుస్తున్నారు. ఫ్యాను గాలి సరిపోతోందా అని అడుగుతున్నారు. బట్టల కొట్లో అయితే ఇదివరకు చూసీ చూడనట్టు ఊరుకునే సేల్స్‌మన్, ఆయన ముందు చొక్కాలు కుప్ప పోసి, ఒక్కటీ కొనకపోయినా నమస్కారం పెట్టాడు.

ఒకరోజు హోటల్‌కి అత్తగారు కూడా వెంట వెళ్లింది. ఆ మర్యాదలు చూసి ఉబ్బితబ్బిబ్బైపోయింది.

"ఏవండీ, మీకింత పలుకుబడి ఉందని నాకెప్పుడూ చెప్పలేదే!"

మావగారు ముద్ద దిగనట్టు కూర్చున్నారు. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది.

ఆ ఆదివారం ఇంట్లో అందరూ ఉండగా హోటళ్ల యజమాని ఫోన్ చేశాడు. అల్లుడు పట్టుబట్టి స్పీకర్ పెట్టించాడు.

"మీ వెబ్‌సైట్ చూశానండీ. ఫోటో అదిరింది."

అల్లుడు కాలరెగరేశాడు.

"మా సర్వర్లయితే దాన్ని ప్రింటు తీసి వంటగది గోడకి అంటించుకున్నారు. అన్ని హోటళ్లలోనూ."

చూశావా అన్నట్టు అల్లుడు పెళ్లాం వైపు కళ్లెగరేశాడు.

"ఇక మీతో పని లేదండీ. ఏమీ అనుకోకండి."

ఫోన్ ఆగిపోయింది. ఇన్నాళ్లూ ఉన్న ఒక్క ఆధారమూ పోయిందని అత్తగారికి అప్పుడు అర్థమైంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అదేంటి మావయ్యా? ఇంత పేరొచ్చాక వద్దంటాడేంటి?" అల్లుడు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఇంతకీ... ఆయనకి మీరు చేసిపెట్టే పనేంటి?"

మావగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మామూలు కస్టమర్‌లా వెళ్లి భోంచేసి, ముక్కూమొహం తెలియనివాడిని వాళ్ల సర్వర్లు ఎలా చూస్తున్నారో ఆయనకి చాటుగా చెప్పడం, బాబూ."