నొప్పి తెలియని పైలట్

"నాలుగో అధ్యాయం తీసెయ్. తీసేస్తే ఫస్ట్ క్లాస్. తియ్యనంటే ఫెయిల్," అన్నాడు ఆత్మారాం సార్, ప్రాజెక్టు రిపోర్టును బల్ల మీద ముందుకు తోసి.

సౌందర్య రిపోర్టును తన దగ్గరికి తీసుకుంది. ఎం.ఏ. సైకాలజీ ఆఖరి వైవా ఇది. పరీక్ష చెయ్యడానికి వేరే కాలేజీ నుంచి వచ్చిన సార్ ఆయన. పక్కనే కూర్చున్న గైడు ధనలక్ష్మి మేడం కిటికీలోంచి రోడ్డు మీది బోధన్ బస్సును చూస్తోంది.

"దాంట్ల ఏం తప్పున్నది సార్?"

"ఎడపల్లి పిల్లవు. చెరుకు రైతుల మనసు మీద రాస్తే ఒక అర్థమున్నది. జపానోళ్ళ రోబో బొమ్మల సీరియల్ నీకెందుకు? సరే, రాసినవు. రోబో చెయ్యి విరిగితే దాని లోపల కూసోని నడిపే పిల్లగాడు నొప్పికి కేకేస్తడు, మంచిగుంది. మరి నాలుగో అధ్యాయంల గీ పిల్లెవరు?"

"ఆమెకు ఒంటి మీద స్పర్శ లేదు సార్. నొప్పి తెల్వదు. అందుకే మిలిటరీవాళ్ళు పైలట్‌ను చేస్తరు. అందరికంటె ముందు ఆమెనే యుద్ధానికి తోలుతరు. పక్కన కూసోని మాత్రం ఎవ్వరు తినరు. అందుకే ఆమె అందరిలెక్క కనబడాలని దాస్తది."

"ఎట్ల దాస్తది?" సార్ గొంతు పదునెక్కింది.

"ముందు పక్కోళ్ళ మొహం చూస్తది. వాళ్ళు 'అబ్బ' అంటే, అప్పుడు తను అంటది."

"అబద్ధం! జన్మంత అట్ల నటిస్తరా ఎవరన్న? దొరకరా?"

అటెండరు లింబయ్య వచ్చి రెండు స్టీలు గ్లాసులు బల్ల మీద పెట్టాడు. "పైలం సార్, సలసల మసులుతున్నది చాయ."

సార్ సౌందర్య మీది నుంచి చూపు తిప్పకుండానే గ్లాసు అందుకుని గుప్పిట పట్టాడు.

"సీరియల్ల గింతే ఉంటే, పదిహేను పేజీలు యాడికెల్లి వచ్చినయి? ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఆరు నెలలుగా ఆమె భయపడుతున్న ప్రశ్న అదే. ఇంట్లో మాట బయట పెట్టొద్దని బాపు ఒట్టు వేయించుకున్నాడు. సౌందర్య రిపోర్టు అట్ట మీద చెయ్యి పెట్టింది.

"మా అవ్వ సార్. డిచ్‌పల్లి దవాఖానల మందులు తిన్నది. కుష్ఠు పోయింది, స్పర్శ రాలే. చెరుకు కొట్టంగ కొడవలి కాలికి దిగితే, పక్కామె మొత్తుకునేదాక తెల్వలే. ఆ దినంకెల్లి మొహాలు చూసుడు నేర్చుకున్నది. ముప్పై ఏండ్లు ఎవ్వరికి దొరకలే." ఊపిరి తీసుకుంది. "అధ్యాయం తియ్య సార్. ఫెయిల్ చేస్తే చెయ్యుండ్రి."

సార్ కుడిచేత్తో పెన్ను తీసుకుని మార్కుల కాగితం దగ్గరికి లాక్కున్నాడు.

ఆ ఇబ్బందిలో ఏం చెయ్యాలో తోచక ధనలక్ష్మి మేడం తన గ్లాసు పట్టుకుంది. "అబ్బ!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది.

సార్ తలెత్తి మేడం మొహం చూశాడు.

ఆ తర్వాత, అంతసేపూ ఎడమ గుప్పిట్లోనే ఉన్న గ్లాసును బల్ల మీద పెట్టి, "అబ్బ!" అన్నాడు.

సౌందర్య ఆయన వేళ్ళ వైపు చూసింది. ఎర్రగా కమిలి ఉన్నాయి. సార్ ఆ చేతిని బల్ల కిందికి దాచుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు, ఆమె మొహం చూడకుండా. "నాలుగో అధ్యాయం ఉండనీ బిడ్డా."