వీరబాబు కప్పు

వీరబాబు పెద్దకర్మ అయిపోయి వారమైంది. పనులన్నీ తనంతట తానే చేసే ఆ ఇల్లు మాత్రం ఇంకా రోజూ ఆరింటికి అతనికి కాఫీ కలుపుతూనే ఉంది. అతని భార్య నూకరత్నం ఆ కప్పు ఎత్తి సింకులో పారబోస్తోంది. ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు. చివరికి ఇంటి మెకానిక్కు దుర్గారావును పిలిపించింది.

"ఆ ఒక్క కాఫీ తీసెయ్యి తమ్ముడూ. ఇంకేం ముట్టుకోకు."

దుర్గారావు గోడ మీది కంప్యూటర్ తెరను చాలాసేపు చూశాడు.

"కుదరదక్కా. ఆ కప్పు ఎత్తితేనే బావగారు లేచారని ఇల్లు అనుకుంటది. అప్పుడే నీళ్ళ మోటారూ, మీ అత్తగారి పగటి ఊపిరి మిషనూ, పొయ్యీ ఒక్కొక్కటిగా నడుస్తాయి. దేనికది విడిగా పెట్టుకోమని ఆరోజే చెప్పాను. వింటేనా! అన్నీ ఒకదానికొకటి ముడేయించారు."

"నేను ఏ మీటా నొక్కక్కర్లేకుండా ఉండాలన్నారు."

"ఇప్పుడు విప్పాలంటే మొత్తం ఆపాలి. పెద్దావిణ్ణి మూడ్రోజులు ఆస్పత్రిలో ఉంచండి."

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఆస్పత్రికెళ్ళి మావాడొచ్చాడా, నేను రావడానికి? ఆణ్ణి పొమ్మనవే."

నూకరత్నం అతన్ని పంపించేసింది.

మర్నాడు ఆరింటికి కప్పు నిండింది. ఆమె దాన్ని ఎత్తింది. లోపల ఊపిరి మిషను సన్నగా అందుకుంది.

"కాఫీ ఎలా ఉంది వీరబాబు గారూ?" అని ఇల్లు అడిగింది.

రోజూ అడిగేదే. ఈరోజు ఆమె ఒక గుక్క తాగింది. అతనికి చక్కెర పడదు. నోరంతా చేదైంది.

"బాగుంది," అంది.

పొయ్యి వెలిగింది.