ఏడు గదుల గవ్వ

నాందేడ్‌లో డెబ్బై ఎనిమిదినాటి ఒక రాత్రి, కాలేజీలో జియాలజీ లెక్చరర్ భోజన్న, సన్నటి శిలాజాలను ఎత్తే కుంచె మొనను అలవాటుగా నాలుకపై తడిపాడు. మొనకు గవ్వ అంటుకుని ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

ఆవగింజలో పదోవంతు ఉండే ఆ గవ్వ ఆరు కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవిది. లోపల ఏడు గదులు. కొత్త జాతి అని రాసిన వ్యాసం పొద్దున పోస్టులో వెళ్ళాలి. సాక్ష్యం ఆ ఒక్క గవ్వే.

"మింగిండ్రా ఏంది?" గుమ్మంలో భార్య నర్మద కిసుక్కున నవ్వింది. "పొద్దుగాల దొరుకుతది తియ్యి. అచ్చి పండుకోండ్రి."

"నవ్వకు నర్మదా. రెండేండ్లు జేసిన మెహనత్ అది."

ఆమె వెళ్ళాక భోజన్న చెంబు ఎత్తి నోరు పుక్కిలించాడు. అవి గోదావరి నీళ్ళే, నోట్లో మాత్రం ఉప్పగా తగిలాయి. గాజు పళ్ళెంలో ఉమ్మి, మైక్రోస్కోప్ కింద పెట్టాడు.

గవ్వ దొరికింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. గదులు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

బతికున్నంతకాలం ఈ జీవి ఒక్కో గదీ కట్టుకుంటూ పోతుందని క్లాసులో చెప్పేది తనే.

వ్యాసంలో 'ఏడు' కొట్టేసి 'ఎనిమిది' అని రాశాడు. ఇంట్లో ఎక్కడా చప్పుడు లేదు. సిరా ఆరేదాకా కూర్చుని, మళ్ళీ కన్ను ఆనించాడు.

ఆ 'ఎనిమిది' కూడా కొట్టేయాల్సి వచ్చింది.